కిందకి దించిన కారుకి వెడల్పు టైర్లు: షాపులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మొన్న శనివారం సాయంత్రం రెండు సీట్ల స్పోర్ట్స్ కారొకటి మా షాపు ముందుకొచ్చి ఆగింది. ఆగింది అనడం కంటే, ర్యాంపు అంచుకి బంపర్ గీసుకుని నిలబడిపోయింది అనాలి. స్ప్రింగులు మార్చి బాగా కిందకి దించేశారు. కుర్రాడు దిగుతూనే, "అన్నా, నాలుగూ 255 వెయ్యాలి. స్టాకుందా?" అన్నాడు. రిమ్ము ఎంత అని అడిగాను. "పదిహేడు." అది ఎత్తు, మరి వెడల్పు? "ఏటన్నా, రిమ్ముకి వెడల్పు కూడా ఉంటాదా?"

విశాఖ కంచరపాలెంలో పదహారేళ్లుగా టైర్లు, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) పని చేస్తున్నాను. స్పోర్ట్స్ కార్లు ఈ ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దించిన కార్లు మాత్రం వారానికి రెండు మూడు వస్తాయి. అందరి నోటా అవే మాటలు. కోపమేం లేదు, ఒకప్పుడు నేనూ అవే నమ్మాను. అయినా చెప్పాల్సినవి చెప్పేస్తాను.

అపోహ: వెడల్పు టైరు వేస్తే రోడ్డుకి ఆనే రబ్బరు పెరుగుతుంది, గ్రిప్ కూడా అంతే పెరుగుతుంది

టైరు రోడ్డుకి ఆనే జాగా ముఖ్యంగా రెండిటి మీద ఆధారపడుతుంది: పైన పడే బరువు, లోపలున్న గాలి. ఒక చక్రం మీద 300 కిలోలు పడుతోంది, గాలి 32 పీఎస్‌ఐ ఉంది అనుకోండి. 32 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 2.25 కిలోలు. భాగిస్తే 133 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. పోస్టుకార్డంత జాగా. సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, బిగువుని బట్టి ఈ లెక్క కొంత అటూ ఇటూ అవుతుంది కానీ, 225 మిల్లీమీటర్ల వెడల్పు టైరు తీసి 255ది వేసినంత మాత్రాన ఆ కార్డు దినపత్రికంత అయిపోదు.

మారేది ఆకారం. పొడవుగా ఉన్న కార్డు అడ్డంగా తిరుగుతుంది. దానివల్ల లాభం లేదని కాదు. మలుపుల్లో టైరు చురుగ్గా స్పందిస్తుంది, వేడిని ఎక్కువ రబ్బరు పంచుకుంటుంది. అందుకే రేసు కార్లకి అంతంత టైర్లు. కానీ మన కారు అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు రోడ్డుని పట్టి ఉంచేది ముఖ్యంగా రబ్బరు రకం. రెండు సైజులు పెంచి చవక టైరు వేయడం కంటే, ఉన్న సైజులోనే మంచి రబ్బరు వేసుకుంటే తేడా మొదటి బ్రేకుకే తెలుస్తుంది. చాలా టైర్ల పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. సాధారణంగా అది తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. ఆ పరీక్ష కంపెనీలు ఎవరికి వారే చేసుకుంటాయి. కాబట్టి ఒకే కంపెనీ టైర్లని పోల్చుకోవడానికి వాడండి, రెండు కంపెనీల మధ్య తీర్పుకి వాడకండి.

అపోహ: రిమ్ము పదిహేడు, టైరూ పదిహేడు, ఇక పట్టకపోవడమేంటి?

పట్టడం వేరు, కుదరడం వేరు. మెషీను మీద బలవంతంగా ఎక్కిస్తే చాలావరకు ఎక్కుతుంది.

మన కుర్రాడి కారునే తీసుకోండి. కంపెనీ ఇచ్చింది 225/45 ఆర్17. 225 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 45 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 45 శాతం, అంటే 101 మిల్లీమీటర్లు. 17 అంగుళాలంటే 431.8 మిల్లీమీటర్లు. దీనికి పైనా కిందా సైడ్‌వాల్ కలిపితే టైరు మొత్తం ఎత్తు సుమారు 634. రిమ్ము వెనక చెయ్యి పెట్టి తడిమితే పోతపోసిన అక్షరాలు దొరికాయి: 8జె. అంటే రిమ్ము వెడల్పు 8 అంగుళాలు.

ఇప్పుడు ఈ 8 అంగుళాల మీద ఏవి కూర్చుంటాయో చూద్దాం. 235/45కి రిమ్ము ఏడున్నర నుంచి 9 అంగుళాల వరకు ఉండొచ్చు. హాయిగా కూర్చుంటుంది, ఎత్తు 643 అవుతుంది. 245/40కి కనీసం 8 కావాలి. ఎక్కుతుంది కానీ కింది గీత మీద నిలబడినట్టే. ఎత్తు 628. కుర్రాడు అడిగిన 255/40 ఎత్తులో భలే సరిపోతుంది, 636. కానీ దానికి కనీసం ఎనిమిదిన్నర అంగుళాల రిమ్ము కావాలి. 8 మీద వేస్తే రెండు వైపులా సైడ్‌వాల్ లోపలికి ముడుచుకుని, టైరు బూరెలా ఉబ్బుతుంది. స్టీరింగ్ తిప్పగానే కారు తిరగదు, ముందు టైరు ఒరుగుతుంది, ఆ తర్వాత కారు కదులుతుంది. అంటే స్పోర్టీగా ఉంటుందని డబ్బు పెట్టి, ఉన్న స్పోర్టీతనాన్ని పోగొట్టుకున్నట్టు.

ఇంకో సంగతి. టైరు మీద రాసిన వెడల్పు ఒక ప్రామాణిక రిమ్ము మీద కొలిచింది. రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు సుమారు 5 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. 225/45ని కొలిచేది ఏడున్నర అంగుళాల మీద. కాబట్టి మన 8 అంగుళాల మీద అది ఇప్పటికే దాదాపు 230. కంపెనీకీ కంపెనీకీ కూడా తేడా ఉంటుంది. ఒకరి 235 ఇంకొకరి 240లా కనిపిస్తుంది. అందుకే దించిన కారుకి సైజు చెప్పమంటే నేను ఫోన్లో చెప్పను, కారు చూడాల్సిందే.

ఎత్తు విషయంలో పాత సైజుకి 3 శాతం లోపు తేడా ఉండేలా చూసుకోండి. స్పీడోమీటరు, ఏబీఎస్ ఆ ఎత్తునే నమ్ముకుని లెక్కలు కడతాయి. నాలుగు చక్రాలూ లాగే కారైతే ముందు, వెనక ఎత్తుల మధ్య తేడాని కంపెనీ చెప్పిన హద్దు దాటనివ్వకండి. లేకపోతే మధ్యలో ఉన్న క్లచ్, గేర్లు ఊరికే అరుగుతుంటాయి.

అపోహ: దించాక టైరు షాకబ్జార్బర్‌కి తగులుతుంది, స్పేసర్ వేస్తే సరి

దీన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నవాళ్లే ఎక్కువ. మామూలు స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జార్బర్ ఒకటిగా కలిసిన భాగం) ఉన్న కార్లలో చక్రం, షాకబ్జార్బర్ కింది భాగం ఒకదానికొకటి బిగించి ఉంటాయి. కారు కిందకి దిగినా రెండూ కలిసే కదులుతాయి. కాబట్టి దించినంత మాత్రాన ఆ సందు తగ్గదు. తగ్గేది పైనున్న సందు, అంటే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్యది. కాయిలోవర్ (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాకబ్జార్బర్ సెట్టు) వేసి స్ప్రింగు పళ్లెం టైరు ఎత్తుకి దిగిపోయినప్పుడు మాత్రం లోపల కూడా తగులుతుంది.

చక్రాన్ని బయటికి జరపడానికి రిమ్ము వెనక బిగించే లోహపు బిళ్లే స్పేసర్. అదేం చేస్తుంది? సందు ఉన్న చోట పెంచి, లేని చోట ఇంకా తగ్గిస్తుంది. కొత్త రిమ్ములు కొనేవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు. రిమ్ము మీద ఈటీ అని ఉండే అంకె, బోల్టులు బిగించే ముఖం రిమ్ము మధ్య గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపుకుందో చెబుతుంది. 7 అంగుళాలు ఈటీ 45 ఉన్న రిమ్ము తీసి, 8 అంగుళాలు ఈటీ 35 వేశారనుకోండి. ఒక అంగుళం పెరిగింది, అంటే ఇటు 12.7 మిల్లీమీటర్లు, అటు 12.7. ఈటీ 10 తగ్గింది కాబట్టి మొత్తం రిమ్ము 10 బయటికి జరిగింది. లెక్క కడితే బయటి అంచు 22.7 బయటికొచ్చింది, లోపలి అంచు 2.7 లోపలికెళ్లింది. షాపు ముందు నిలబడి చూస్తే భలే నిండుగా కనిపిస్తుంది. వెనక ఇద్దరు కూర్చుని మద్దిలపాలెం వైపు ఒక్క స్పీడ్ బ్రేకర్ దాటితే మడ్‌గార్డ్ అంచు టైరుని బ్లేడులా గీరేస్తుంది. అలా గీరుకుపోయి, లోపలి దారాలు కనిపిస్తున్న టైరుతో హైవే మీద వచ్చిన కారుని నేను చూశాను. ఆ రోజు నాకే టెన్షన్ వచ్చింది, నడిపినాయన మాత్రం టీ తాగుతూ కూర్చున్నాడు.

అపోహ: లోపలి అంచు అరుగుతోందంటే క్యాంబర్ వల్లే, దించాక అది మామూలే

దించితే చక్రాలు పైన లోపలికి వాలతాయి, నిజమే. ఆ వాలునే క్యాంబర్ అంటారు. కానీ ఆ వాలు ఒక్కటే టైరుని అంత తొందరగా తినదు. తినేది టో, అంటే చక్రాల మూతి లోపలికో బయటికో తిరిగి ఉండటం. దించగానే స్టీరింగ్ రాడ్ల కోణం మారి టో కూడా మారిపోతుంది. చక్రం పావు డిగ్రీ పక్కకి తిరిగి ఉన్నా, కిలోమీటరుకి నాలుగు మీటర్లకి పైగా టైరుని అడ్డంగా ఈడ్చినట్టే. ఆర్‌కే బీచ్ నుంచి భీమిలి చేరేలోపు వంద మీటర్లు. వాలిన టైరు లోపలి అంచు మీదే నిలబడి ఉంటుంది కాబట్టి ఆ ఈడుపంతా అక్కడే పడుతుంది. టైరు వెడల్పయ్యేకొద్దీ ఆ అంచు ఇంకా లోపలికి, కంటికి కనపడని చోటికి పోతుంది. బయటి బటన్లు (రోడ్డుకి ఆనే రబ్బరు గట్లు) కొత్తవాటిలా ఉంటాయి, లోపల తీగలు బయటపడి ఉంటాయి.

స్ప్రింగులు మార్చాక ఒక వారం తిరిగి, అవి సర్దుకున్నాక అలైన్‌మెంట్ చేయించండి. కొత్త టైర్లు ఆ తర్వాతే. చాలామంది వరస మార్చేసి డబ్బు పోగొట్టుకుంటారు.

అపోహ: వానలో వెడల్పు టైరే సేఫ్

నిలిచిన నీళ్లలో దీనికి సరిగ్గా వ్యతిరేకం. వెడల్పు టైరు ముందున్న నీళ్లు ఎక్కువ, వాటిని పక్కకి తోయడానికి దొరికే సమయం తక్కువ. విమానాల టైర్ల మీద పనిచేసి నాసా 1963లో ఒక సూత్రం ఇచ్చింది: టైరు నీళ్ల మీద తేలడం మొదలుపెట్టే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన 32 పీఎస్‌ఐ దగ్గర గంటకి సుమారు 94 కిలోమీటర్లు, 25 దగ్గర 83. అరిగిన టైరుకీ, మంచి బటన్లున్న టైరుకీ, నీళ్ల లోతుకీ తగ్గట్టు ఇది మారుతుంది. ఇక్కడ పనికొచ్చే సంగతి ఒకటుంది. "వెడల్పు టైరు కదా, గాలి కాస్త తగ్గించి కొట్టన్నా, మెత్తగా పోద్ది" అనేవాళ్లు వానాకాలంలో రెండు తప్పులూ ఒకేసారి చేస్తున్నట్టు. తుఫాను రోజుల్లో ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు వరసల రోడ్డు మీద వంద దాటించే సరదా ఉంటే ఈ లెక్క గుర్తుంచుకోండి. ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే టైరు పని అయిపోయినట్టే. వెడల్పు టైర్లని నేనైతే 3 దగ్గరే మార్చేయమంటాను.

ఇంకొన్ని, చిన్నవి

సైజు పక్కన ఉండే 91డబ్ల్యూ లాంటి గుర్తుని ఎవరూ చూడరు. 91 అంటే ఒక టైరు మోయగలిగేది 615 కిలోలు, 94 అంటే 670. డబ్ల్యూ అంటే గంటకి 270 కిలోమీటర్ల వరకు. కంపెనీ ఇచ్చిన అంకె కంటే తక్కువది, ఎంత వెడల్పున్నా, వద్దు.

స్పోర్ట్స్ కార్ల సైజులు మన దగ్గర తొందరగా దొరకవు. 2020 జూన్‌లో కొత్త టైర్ల దిగుమతి మీద కేంద్రం ఆంక్షలు పెట్టింది. అందుకే అరుదైన సైజుల్లో పాత స్టాకు అంటగట్టే అవకాశం ఎక్కువ. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల చివర నాలుగంకెలు చూడండి. 2323 అంటే 2023లో 23వ వారం.

బీచ్‌కి దగ్గరి ఇళ్ల కార్లకి ఇంకో తంటా. ఉప్పు గాలికి అలాయ్ అంచున తెల్లటి పొడి పేరుకుని, కొత్త టైరు వేసినా వారానికి నాలుగైదు పీఎస్‌ఐ గాలి దిగిపోతుంటుంది. పాత టైరు విప్పినప్పుడే ఆ అంచు శుభ్రం చేయించండి.

బండి రూపం మార్చే విషయంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకటుంది. టైరు సైజు మార్చే ముందు ఇన్సూరెన్సు వాళ్లని కాగితం మీద అడగండి. కారు దించిన సంగతి కూడా అందులోనే రాయండి, దాచుకుంటే క్లెయిమ్ రోజున బయటపడుతుంది.

సరే, మన కుర్రాడి సంగతి. 255 కుదరదని తేలింది. "పోనీ 235?" అన్నాడు. షాపులో వాడిన 235/45లు రెండుంటే ఒకటి ముందు, ఒకటి వెనక ఎక్కించాం. పిల్లలు ఆడుకునే రంగుల క్లే తెచ్చి, ముందు మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ లైనర్ మీద, వెనక మడ్‌గార్డ్ అంచు కింద, వేలెడు మందం ముద్దలు అంటించాం. డిక్కీలో రెండు నీళ్ల క్యాన్లు, సీట్లలో ఆ కుర్రాడూ నేనూ. స్టీరింగ్ పూర్తిగా అటూ ఇటూ కోస్తూ వీధి చివరి స్పీడ్ బ్రేకర్‌ని ఏటవాలుగా నాలుగుసార్లు ఎక్కి దిగాం.

వచ్చి చూస్తే ముందు ముద్ద నొక్కుకుపోయి మూడు మిల్లీమీటర్లు మిగిలింది. వెనకది అసలు లేదు. టైరు బటన్ల మధ్య పచ్చగా ఇరుక్కుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో దాన్ని పీకి అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. "225యే వెయ్యన్నా, మంచి రబ్బరుది చూడు" అన్నాడు. గురువారం టైర్లొస్తాయి. తేదీ అంకెలు తనే చూసుకుంటానన్నాడు.