మత్తడి మీద అడుగు నీళ్లు

వాన గట్టిగా పట్టిందంటే హైదరాబాద్ పత్రికల్లో ఒక వార్త తప్పదు: హుస్సేన్ సాగర్ నిండుకుండలా ఉంది, పూర్తిస్థాయి నీటిమట్టం 513.41 మీటర్లు దాటింది. అది చదివినవాళ్లకు సహజంగానే ఒక అనుమానం వస్తుంది. చెరువు నిండిపోయాక ఇక వరదను ఆపేదేముంది? పైనుంచి ఎంత వస్తే కిందికి అంతా పోవాల్సిందే కదా?

నిండిన చెరువు కూడా వరదను కోస్తుంది. ఎంత కోస్తుందో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నగరంలో ఒక్కో చెరువు ఎందుకు దక్కాలో చెప్పడానికి ఇంతకంటే గట్టి వాదన నాకు కనిపించలేదు.

పూర్తిస్థాయి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్, మత్తడి అంచు ఉన్న ఎత్తు, సముద్రమట్టం నుంచి కొలిచింది. మత్తడి అంటే చెరువు నిండాక అదనపు నీళ్లు పొర్లిపోవడానికి కట్టిన గోడ. నీళ్లు అక్కడితో ఆగవు. మత్తడి దుంకాలంటే అంచు మీద కొంత మందాన నీళ్లు నిలబడాలి. ఆ మందం చెరువు మొత్తం మీద పరుచుకుంటుంది. వరదను కోసేది ఆ పలుచని పొరే.

ఒక నమూనా చెరువు తీసుకుందాం. విస్తీర్ణం 30 హెక్టార్లు, దాదాపు 74 ఎకరాలు. పైన 4 చదరపు కిలోమీటర్ల పరీవాహకం, అందులో ఎక్కువ భాగం ఇళ్లూ రోడ్లూ. మత్తడి పొడవు 20 మీటర్లు. చెరువు ముందే అంచుదాకా నిండి ఉంది. అప్పుడు గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడింది. పడినదాంట్లో 60 శాతం పారి వస్తుందనుకుంటే మొత్తం 1,20,000 ఘనమీటర్లు. ఈ ప్రవాహం గంట సేపు పెరిగి, మరో గంటలో తగ్గిపోతుందనుకుంటే గరిష్ఠ ఉధృతి సెకనుకు 33 ఘనమీటర్లు.

బయటికి పోయేదానికి సూత్రం: 1.7ను మత్తడి పొడవుతోనూ, అంచు మీది నీటి మందంతోనూ, ఆ మందం వర్గమూలంతోనూ గుణించాలి. అన్నీ మీటర్లలో. మందం పది సెంటీమీటర్లుంటే ఈ మత్తడి మీద సెకనుకు ఒక ఘనమీటరు పోతుంది. ముప్పై సెంటీమీటర్లకు 5.6, ఒక మీటరుకు 34. మందం రెట్టింపైతే ప్రవాహం 2.8 రెట్లవుతుంది. ఇక పది నిమిషాలకోసారి లెక్క కట్టాలి: వచ్చినదాంట్లోంచి పోయింది తీసేసి, మిగిలినదాన్ని విస్తీర్ణంతో భాగిస్తే మట్టం ఎంత పెరిగిందో తెలుస్తుంది. కొత్త మట్టంతో మళ్లీ మత్తడి లెక్క.

ఇలా రెండు గంటలూ నడిపితే అంచు మీద నీళ్లు 33 సెంటీమీటర్లు దాటవు. కిందికి పోయే గరిష్ఠ ప్రవాహం సెకనుకు 6.5 ఘనమీటర్లు. వచ్చింది 33, పోయింది 6.5. నిండిన చెరువు వరద ఉధృతిని ఐదో వంతుకు తగ్గించింది. ఆ ఉధృతి కూడా ముప్పావు గంట ఆలస్యంగా కిందికి చేరింది. ఈలోపు కింది కాలనీలో పడిన వాన నాలాలోంచి సాగిపోయి ఉంటుంది.

ఇప్పుడు చెరువును సగం పూడ్చేద్దాం. అదే వాన, అదే మత్తడి, 15 హెక్టార్లు. గరిష్ఠ ప్రవాహం 13కు చేరుతుంది, మత్తడి మీద మందం 53 సెంటీమీటర్లు. ఇంకో సగం పూడ్చి ఏడున్నర హెక్టార్లు మిగిల్చితే ప్రవాహం 21, మందం 73. కింది నాలాను 7 ఘనమీటర్లకు కట్టి ఉంటే, ఆ ఉధృతిలో మూడింట రెండు వంతుల నీళ్లు వీధుల్లోకి రావాల్సిందే. పూడ్చినవాడి ప్లాటు పొడిగానే ఉండొచ్చు. మునిగేది రెండు కిలోమీటర్ల దిగువన, ఆ చెరువు పేరు కూడా వినని ఇల్లు.

"మా ఇల్లు ఎఫ్‌టీఎల్ బయటే ఉంది" అనే మాటకు జవాబు కూడా ఈ లెక్కలోనే ఉంది. ఒడ్డు వాలు నూటికి ఒకటి ఉంటే, 33 సెంటీమీటర్లు పెరిగిన నీరు ఎఫ్‌టీఎల్ గీత దాటి 33 మీటర్లు ముందుకొస్తుంది. నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు బఫర్ జోన్, అంటే చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా, 30 మీటర్లు. పై లెక్క చూశాక ఆ గీతను ఉత్త కాగితపు గీత అనుకోలేం. పెద్ద వానలో నీళ్లు అక్కడికి నడిచి వస్తాయి.

మత్తడిని చెడగొట్టే పద్ధతులు కొన్ని ఉన్నాయి. మొదటిది పొడవు తగ్గించడం. ప్రహరీ గోడ కోసమో రోడ్డు కోసమో 20 మీటర్లను పది చేస్తే, సెకనుకు 15 ఘనమీటర్లు నిలకడగా వస్తున్నప్పుడు అంచు మీది మందం 58 సెంటీమీటర్ల నుంచి 92కు ఎగబాకుతుంది. కట్ట మత్తడి కంటే మీటరే ఎత్తుంటే ఇక మిగిలింది ఎనిమిది సెంటీమీటర్లు. గాలికి లేచే అల చాలు, కట్ట మీదుగా పొర్లడానికి. రెండోది నీళ్లు నిలబెట్టుకోవాలని అంచు మీద ఇసుక బస్తాలు పేర్చడం. నిల్వ పెరిగిందన్న సంతోషం ఉంటుంది కానీ, ఆ మేరకు కట్టకున్న రక్షణ ఎత్తు పోయింది.

అన్నిటికంటే చేటు మూడోది: మత్తడికి అడ్డంగా రోడ్డు పోసి అడుగున రెండు సిమెంటు గూనలు, అంటే గొట్టాలు, పెట్టడం. 90 సెంటీమీటర్ల గూనలో, మధ్యబిందువు మీద మీటరు నీళ్లున్నా, సెకనుకు పోయేది 1.7 ఘనమీటర్లే. మత్తడి మీద అదే మీటరుకు 34 పోయేది. సరిపెట్టాలంటే ఇరవై గూనలు కావాలి. పైగా గూన నిండాక నీటి ఎత్తు రెట్టింపైనా ప్రవాహం 1.4 రెట్లే పెరుగుతుంది. నీళ్లు పెరిగేకొద్దీ మత్తడి తలుపు తానే వెడల్పు చేసుకుంటుంది, గూనకు ఆ గుణం లేదు. ఒక్క కొమ్మా నాలుగు ప్లాస్టిక్ సంచులూ చాలు దాని నోరు మూసేయడానికి.

దిగువ నాలా పూడితే మత్తడి మునుగుతుంది కూడా. అంచుకు పైన ఎగువన ఎంత మందముందో దిగువన అందులో 80 శాతం నిలిస్తే, సన్నని అంచున్న మత్తడి మీద ప్రవాహం దాదాపు 38 శాతం పడిపోతుంది. అందుకే నాలా పూడిక తీయడం మత్తడి దగ్గర మొదలుపెట్టొద్దు. దిగువ చివర మొదలుపెట్టి పైకి రావాలి.

మూసీ పరీవాహకంలో చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి కాబట్టి ఒకచోట గండి పడితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. ఏ మత్తడీ అందుకు కట్టింది కాదు. 1908 సెప్టెంబరు వరదలో నగరానికి ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగాయి. మరుసటి ఏడు పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించిన దారిలోనే 1920 నాటికి ఉస్మాన్ సాగర్, 1927 నాటికి హిమాయత్ సాగర్ వచ్చాయి. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడి హఫీజ్ బాబా నగర్ మునిగింది. 1908లో మూసీని శాంతింపజేయడానికి నిజాం చీరా పసుపుకుంకుమలూ సమర్పించాడని నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. భయంలో ఉన్న మనిషి మొక్కుకుంటాడు, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కట్ట మైసమ్మకు బోనమెత్తడానికి జనం కట్ట మీదికి వెళ్లడం మంచిదే. వెళ్లినప్పుడు కట్ట అవతలి వాలు కూడా చూసి రావాలని మాత్రం కోరతాను.

అక్కడ చూడాల్సింది ఊట. తేటగా కారుతుంటే గమనిస్తూ ఉండొచ్చు. మట్టిరంగు నీళ్లు వస్తే కట్ట లోపలి మన్ను కొట్టుకుపోతోందని అర్థం, బుంగ పడుతోంది. బయటి వైపు బంకమట్టితో దాన్ని మూయకూడదు. ఒత్తిడి పెరిగి నీరు పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది. ముందు ముతక ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్లు పరవాలి. నీరు రావాలి, మన్ను ఆగాలి. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి కొంత నీరు నిలబడనిస్తే ఒత్తిడి ఇంకా తగ్గుతుంది.

మన ఇంజనీరింగ్ కళాశాలల్లో మత్తడి సూత్రం ఒక సబ్జెక్టులో, వరద లెక్క ఇంకో సబ్జెక్టులో చెబుతారు. రెంటినీ కలిపి ఒక్క చెరువు మీద పిల్లల చేత కట్టిస్తే రెండు తరగతుల్లో అయిపోతుంది, జీవితాంతం గుర్తుంటుంది.

ఇక తూము, కట్ట అడుగు నుంచి నీళ్లు వదిలే తలుపున్న దారి. ఒకప్పుడు ఎండాకాలానికి చెరువు అడుగంటేది, తొలి వానలన్నీ అంచు కిందే ఇమిడిపోయేవి. ఇప్పుడు మురుగునీరు ఏడాది పొడవునా వచ్చి చేరుతుంటే చాలా చెరువులు మే నెలలోనూ నిండే ఉంటున్నాయి. ఆయకట్టు పోయింది కాబట్టి తూము తెరిచే అవసరమే లేదనుకుని వదిలేస్తే తలుపులు తుప్పు పడతాయి. మన నమూనా చెరువును అర మీటరు దించితే 1,50,000 ఘనమీటర్ల చోటు దొరుకుతుంది, ఆ గంట వానకు పారి వచ్చే నీళ్లన్నిటికంటే ఎక్కువ. సెకనుకు ఒక ఘనమీటరు వదిలే తూముతో అంత దించడానికి దాదాపు 42 గంటలు పడుతుంది. కాబట్టి వాతావరణ శాఖ భారీ వర్షం అన్న రోజుకు రెండు రోజుల ముందే తూము ఎత్తాలి. ఎత్తాలంటే ఏప్రిల్‌లోనే తలుపుకు గ్రీజు పెట్టి, ఒకసారి పూర్తిగా లేపి దించి చూసి, తూము కాలువ నాలాలో కలిసేదాకా నడిచి రావాలి.