కనిగిరి కుండ కొత్తపట్నంలో ఎందుకు అలిగింది?

పోయిన వేసవిలో మా బావ కనిగిరి నుంచి ఒక మట్టికుండ తెచ్చిచ్చాడు. వాళ్లింట్లో అలాంటి కుండలోవే నీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటాయి. సముద్రం ఒడ్డున కొత్తపట్నంలో మా వంటగదిలో పెడితే అప్పుడే పంపు తిప్పి పట్టినట్టున్నాయి. "ఆ కుమ్మరి మోసం చేశాడు" అని మా ఆవిడ తేల్చేసింది. బావ బాధ ఇంకోటి: "మా ఊళ్లో 41 ఉన్నా నీడన కూర్చుంటే ప్రాణానికి బాగుంటది. మీకు 35కే చొక్కా పిండాల్సొస్తందేంది?"

నాకైతే ఆ ఫిర్యాదులు రెండూ ఒకటే.

కుండ నీళ్లను చల్లబరిచేది దాని సన్నటి రంధ్రాలు. వాటిలోంచి నీరు పైకి ఊరి ఆవిరవుతుంది. గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి, అందులో చాలా భాగం కుండలోంచే లాక్కుంటుంది. (బళ్లో బాష్పీభవన గుప్తోష్ణం అని బట్టీ పట్టించారే గానీ, వరండాలో ఉన్న కుండను ఒక్క మాస్టారూ చూపించలేదు.) చెమట పట్టిన ఒళ్లూ కుండే. కాకపోతే ఈ కుండలో పొయ్యి కూడా ఉంది. ఊరికే కూర్చున్నా పాతకాలపు 100 వాట్ల బల్బంత వేడి పుడుతుంది. అదంతా చెమటతోనే పోవాలంటే గంటకు 150 గ్రాములు ఆరాలి. కారిపోయింది లెక్కలోకి రాదు.

ఇక అసలు సంగతి ఆవిరి పీడనం, అంటే నీటి ఆవిరి చేసే ఒత్తిడి. 35 డిగ్రీల తడి చర్మం దగ్గర అది 42 మిల్లీమీటర్ల పాదరసం. కనిగిరిలో 41 డిగ్రీలు, తేమ 25 శాతం అనుకోండి: గాలిలో పీడనం 15. మా ఊళ్లో 35 డిగ్రీలు, తేమ 70 శాతం: దాదాపు 30. చెమటను గాలిలోకి నెట్టే తేడా అక్కడ 27, ఇక్కడ 12. సగం కూడా లేదు! తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు అక్కడ 25 దాకా దిగితే ఇక్కడ 30 దగ్గరే ఆగిపోతుంది. ఏ కుమ్మరి చేసిన కుండైనా అంతకంటే కిందికి దిగదు. నీళ్ల కూలరుదీ అదే గతి. మా ఊళ్లో అది ఇంట్లో ఉక్కను ఇంకాస్త పెంచుతుంది.

అలాగని బావ గెలిచాడనుకోకండి. 41 డిగ్రీల గాలి చర్మం కంటే వేడి కాబట్టి ఎదురు మనకే వేడి ఎక్కిస్తుంది. ఆ వేడిని కూడా చెమటే మోయాలి. పైగా పుట్టింది పుట్టినట్టు ఆరిపోతుంది గనుక ఎంత పోయిందో తెలియదు. పొలం నుంచి వచ్చాక బావ చొక్కా వీపున తెల్లటి ఉప్పు చారలుంటాయి, ఆయనేమో "చెమటే పట్టలా" అంటాడు. వడదెబ్బ తగలకుండా జేబులో ఉల్లిపాయ పెట్టుకుని తిరుగుతాడు కూడా. దాన్ని మజ్జిగలో తరుక్కుని, ఇంత ఉప్పేసుకుని తాగితే పనికొస్తుందని చెప్పి చెప్పి అలిసిపోయాను.

మే నెలాఖరులో ఒకరోజు పడమటి గాలి విసిరి కొట్టింది. సాయంత్రం దాకా సముద్రపు గాలిని ఒడ్డెక్కనివ్వలేదు. తలుపు గడియ పట్టుకుంటే చురుక్కుమంది. తీగ మీది దుప్పటి అరగంటలో పెళపెళలాడింది. మధ్యాహ్నం మా ఆవిడ కుండలోంచి గ్లాసు ముంచుకుని తాగి, దానికేసి అనుమానంగా చూసింది.

"ఇయ్యాళ దీనికేమైంది?"