ఫ్యామిలీ మెడిసిన్‌లో సైకాలజిస్టుకు ఏం పని? అపోహలు - వాస్తవాలు

వరంగల్‌లో ఫ్యామిలీ మెడిసిన్, అంటే ఇంటిల్లిపాదినీ ఏ జబ్బుకైనా ముందుగా చూసే వైద్య విభాగం, శిక్షణలో ఉన్న డాక్టర్లకు నేను పాఠాలు చెబుతాను. నేను డాక్టర్‌ను కాదు, సైకాలజిస్టును. ఓపీ గదిలో ఒక మూలన కుర్చీ వేసుకుని, డాక్టర్ పేషెంటుతో ఎలా మాట్లాడుతున్నారో గమనిస్తాను. ఓపీ అయ్యాక ఇద్దరం కూర్చుని దాని గురించి మాట్లాడుకుంటాం. నా పనిలో పెద్ద భాగం ఇదే. ఈ పని మీద చుట్టాల దగ్గర, తోటి అధ్యాపకుల దగ్గర, సైకాలజీ చదివే పిల్లల దగ్గర కొన్ని మాటలు పదేపదే వింటున్నాను. వాటిలో కొన్నింటితో నష్టమేమీ లేదు. కొన్ని మాత్రం పేషెంటు ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: సైకాలజిస్టు, సైకియాట్రిస్టు ఒకటే.

కాదు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపై మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాస్తారు. సైకాలజిస్టు మందులు రాయరు. మాటల ద్వారా చికిత్స, మానసిక పరీక్షలు, అలవాట్లు మార్చుకోవడంలో సాయం మా పని. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, గుర్తించిన శిక్షణ పూర్తిచేసి అక్కడ నమోదు కావాలి. నెల రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టుకునే వాళ్లను చూస్తున్నాం. ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడగడం మీ హక్కు.

అపోహ: జ్వరాలు, బీపీలు, షుగర్లు చూసే డాక్టర్‌కు సైకాలజీ ఎందుకు?

నేను ఎక్కువసేపు నిలబడాల్సింది ఇక్కడే. మన దగ్గర "మనసు బాగాలేదు" అంటూ దవాఖానకు వచ్చేవాళ్లు తక్కువ. నడుం నొప్పి, కాళ్లు గుంజుడు, గుండెదడ, కడుపులో మంట, తల తిరుగుడు అంటూ వస్తారు. వాళ్లు నటించడం లేదు, నొప్పి నిజంగానే ఉంది. బాధ ముందుగా ఒంట్లోనే కనబడుతుంది, అందుకని ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికే ముందుగా వస్తుంది.

ఒక ఉదాహరణ, ఆనవాళ్లు మార్చి చెబుతున్నాను. జగిత్యాల వైపు నుంచి ఇక్కడ బిడ్డ ఇంటికి వచ్చిన ఒక బీడీ కార్మికురాలు. "కాళ్లు గుంజుతున్నయ్ సారూ, తల తిరుగుతది, గుండె దడదడ అంటది. ఒక గులుకోజు పెట్టుండ్రి" అంది. ఆమె చేతిసంచిలో పాత చీటీలు కట్టగా ఉన్నాయి. అన్నింటిలోనూ బలం గోళీలు, గ్యాస్ గోళీలు, సూదులు. శిక్షణలో ఉన్న డాక్టర్ ఆ కట్టను చూసి పక్కన పెట్టి, "చూద్దాం అమ్మా. ఇంకా ఏమన్నా ఉన్నదా?" అని అడిగి ఊరుకున్నాడు. చేయి కీబోర్డు మీదికి పోలేదు. ఆమె కొంగు సర్దుకుంది. "నిద్ర పడ్తలేదు సారూ." అతను ఇంకా ఏమీ అనలేదు. "ఆయన దుబాయిల ఉన్నడు. ఆర్నెల్ల సంది పైసలు పంపుతలేడు, ఫోన్ల గూడ సక్కగ మాట్లాడ్తలేడు. అప్పులోల్లు ఇంటి మీదికొస్తున్రు."

అప్పుడతను రెండు ప్రశ్నలు అడిగాడు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? దిగులుగా, ఏ ఆశా లేనట్టు అనిపించిందా? పీహెచ్‌క్యూ-2 అనే చిన్న పరీక్ష ఇది. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు మార్కులు. మొత్తం 3 లేదా అంతకు మించితే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9కి వెళ్తాం. అందులో 10 లేదా అంతకు మించితే డిప్రెషన్ ఉందేమో లోతుగా చూడాలి. ఆమెకు మించింది. రక్త పరీక్ష కూడా చేయిస్తే హిమోగ్లోబిన్ తక్కువగా వచ్చింది. రెండూ నిజమే, రెండింటికీ చికిత్స మొదలుపెట్టారు.

నేను ఇది పదేపదే చెప్పేది మరో వైపు పొరపాటు కూడా జరుగుతుంది కాబట్టే. ఏడ్చిన ప్రతి మనిషినీ 'మనసు జబ్బు' అని పంపేస్తే రక్తహీనత, థైరాయిడ్ తప్పిపోతాయి. రిపోర్టులన్నీ నార్మల్ వచ్చాయని "నీకేం లేదు, పో" అంటే మనిషి తప్పిపోతుంది. జబ్బును శరీరం, మనసు, మనిషి బతుకుతున్న పరిసరాలు మూడూ కలిపి చూడాలని అమెరికా వైద్యుడు జార్జ్ ఎంగెల్ 1977లో వాదించారు. ఫ్యామిలీ మెడిసిన్ ఇప్పుడు నిలబడింది ఆ చూపు మీదే. అమెరికాలో అంతకుముందే, 1969లో, ఈ విభాగాన్ని ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించారు. ఈ శిక్షణలో బిహేవియరల్ సైన్స్, అంటే మనిషి ప్రవర్తన గురించిన శాస్త్రం, చెప్పే అధ్యాపకులు ఉండటం అక్కడ నియమం. మన దగ్గర డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్ అనే మూడేళ్ల పీజీ కోర్సు ఉంది కానీ, ప్రతి శిక్షణ కేంద్రంలో సైకాలజిస్టు ఉండాలన్న పట్టుదల ఇంకా రాలేదు. రావాలి.

అపోహ: పేషెంటును మాట్లాడనిస్తే ఓపీ నడవదు.

కొత్తగా చేరిన ప్రతి డాక్టరూ అనే మాట ఇది. బయట వరుస చూస్తే అలా అనిపించడం సహజం కూడా. కానీ లెక్కలు మరోలా చెబుతున్నాయి. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే పరిశోధకులు 74 కన్సల్టేషన్లు రికార్డు చేసి చూస్తే, పేషెంటు మాట మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డు తగిలారు. 2002లో స్విట్జర్లాండ్‌లో మరో బృందం డాక్టర్లను అడ్డు రావద్దని చెప్పి కొలిచింది. పేషెంట్లు సగటున మాట్లాడింది 92 సెకన్లు. నూటికి 78 మంది రెండు నిమిషాల్లోపే ముగించారు. ఆ రెండు నిమిషాలు దొరకనందుకే మనవాళ్లు గది దాటేముందు గుమ్మంలో ఆగి, "సారూ, ఇంకొక్క మాట" అంటారు. చాలాసార్లు అసలు సంగతి ఆ మాటలోనే ఉంటుంది. పక్కన కూర్చుని గడియారం చూసే నేను శిక్షణలో ఉన్నవాళ్లకు చూపించేది అదే: మొదట అడ్డు తగలకపోతే చివర ఆ గుమ్మం దగ్గరి ఐదు నిమిషాలు మిగులుతాయి.

అపోహ: మాట్లాడే నేర్పు పుట్టుకతో రావాలి, నేర్పితే వచ్చేది కాదు.

సూది వేయడం నేర్పినట్టే ఇదీ నేర్పవచ్చు. చూడటం, చేయడం, తప్పు చెప్పించుకుని మళ్లీ చేయడం. 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో ఎట్కామ్ పేరుతో వైఖరి, నైతికత, సంభాషణలను బోధనాంశాలుగా చేర్చారు. మంచి అడుగే. పుస్తకంలో చేరితే సరిపోదు, ఓపీలో పక్కన కూర్చుని చూసేవాళ్లు కావాలి.

అపోహ: "కల్లు మానెయ్, బీడీ మానెయ్" అని గట్టిగా చెబితే చాలు.

గద్దిస్తే మనిషి తలూపుతాడు, మళ్లీ ఆ డాక్టర్ దగ్గరికి రాడు. మద్యం అలవాటున్న వాళ్లతో పనిచేస్తూ విలియం మిల్లర్ 1983లో రాసిన పద్ధతి ఉంది, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. మానడానికి కారణం డాక్టర్ నోటి నుంచి కాకుండా పేషెంటు నోటి నుంచి రావాలన్నది దాని సారం. "ఎందుకు తాగుతున్నవ్?" అని కాకుండా "తాగితే నీకు దొరికేదేంది, పోయేదేంది?" అని అడిగితే సంభాషణ వేరుగా నడుస్తుంది.

మన ప్రాంతంలో దీనికి ఇంకో లోతు ఉంది. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజపామ్, అల్ప్రజోలమ్ లాంటివి కలుపుతారు. ఒంటికి అలవాటైన మనిషి ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనబడటం, ఫిట్స్ రావడం జరుగుతాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్ లాంటి జిల్లాల దవాఖానలకు ఇలాంటి పేషెంట్లు వరుసగా వచ్చారు. కాబట్టి కాలు విరిగి చేరిన మనిషిని కూడా కల్లు గురించి అడగాలి, ముఖం చిట్లించకుండా అడగాలి. ముఖం చిట్లిస్తే అబద్ధం చెబుతాడు. చేరిన రెండో రోజో, మూడో రోజో వార్డులో ఫిట్స్ వస్తాయి. కల్లు మానాలనుకునేవాళ్లు కూడా డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా మానాలి.

అపోహ: ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.

అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఇది పరిశోధనల్లో తేలిన విషయం. "ఒక మనిషైనా అడిగాడు" అన్న ఊరట చాలామంది ముఖంలోనే కనబడుతుంది. పత్తి చేన్ల ఊళ్లలో పురుగుల మందు ఇంట్లోనే ఉంటుంది, కాబట్టి ఇక్కడ అడగకపోవడమే ప్రమాదం. డొంకతిరుగుడు లేకుండా అడగమని నేర్పుతాను: "ఇంత కష్టంల ఉన్నప్పుడు సచ్చిపోవాలని అనిపించిందా?" అవునంటే, ఎలా అనుకున్నారు, మందు ఇంట్లో ఉందా అని కూడా అడగాలి. ఇంట్లోవాళ్లతో మాట్లాడి మందు అక్కడినుంచి తీయించాలి. పేషెంటును ఒంటరిగా వదలకుండా సైకియాట్రిస్టు దగ్గరికి చేర్చాలి.

"కేసు అయితది" అన్న భయంతో దాచే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతుంది. శిక్షకు బదులు సాయం అందించాల్సిన బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309వ సెక్షన్ కూడా లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఈ నంబరు ఫోన్లో పెట్టుకోండి.

అపోహ: డాక్టర్ల వెల్‌నెస్ అంటే ఒక యోగా క్లాసు, ఒక మోటివేషన్ స్పీచ్.

ఇది విన్నప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. యోగా మంచిదే, ఎవరూ కాదనరు. ముప్పై ఆరు గంటల డ్యూటీ దిగిన మనిషిని ఆడిటోరియంలో కూర్చోబెట్టి "పాజిటివ్‌గా ఆలోచించు" అనడం మాత్రం సాయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను జబ్బుగా కాకుండా ఉద్యోగ పరిస్థితుల నుంచి పుట్టే సమస్యగా నమోదు చేసింది. మూడు గుర్తులు చెప్పింది: శక్తంతా హరించుకుపోవడం, పని మీద విముఖత, చేతగానట్టు అనిపించడం. పని నుంచి పుట్టినదాన్ని పని ఏర్పాట్లలోనే సరిచేయాలి. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద ఎన్‌ఎంసీ, అంటే జాతీయ వైద్య కమిషన్, వేసిన టాస్క్‌ఫోర్స్ 2024 నివేదికలో రెసిడెంట్ల, అంటే పీజీ శిక్షణలో ఉన్న డాక్టర్ల, పని వారానికి 74 గంటలు మించకూడదని సిఫారసు చేసింది. డ్యూటీ పట్టిక వేసే గదిలో సైకాలజిస్టుకు కుర్చీ ఉండాలని నేను గట్టిగా అడిగేది ఇందుకే.

రెండో దారి బాలింట్ గ్రూపు. 1950లలో లండన్‌లో మైఖేల్ బాలింట్ కుటుంబ వైద్యులతో మొదలుపెట్టిన పద్ధతి. కొద్దిమంది డాక్టర్లు గుండ్రంగా కూర్చుంటారు. మనసులోంచి పోని ఒక పేషెంటు గురించి ఒకరు చెబుతారు. డోసు ఎంత, స్కాన్‌లో ఏముంది అనేవి అక్కడ చర్చకు రావు. డాక్టర్‌కూ పేషెంటుకూ మధ్య ఏం జరిగిందన్నదే చర్చ.

గడ్డిమందు తాగిన ఒక యువకుడి గురించి శిక్షణలో ఉన్న అమ్మాయి ఒకసారి చెప్పింది. ఆ గడ్డిమందు పారాక్వాట్, దానికి విరుగుడు లేదు. మొదటి రోజుల్లో మనిషి లేచి కూర్చుని మాట్లాడతాడు, తర్వాత కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. రాబోయేది డాక్టర్‌కు తెలుసు, ఇంట్లోవాళ్లకు తెలియదు. తండ్రి ఆమె దగ్గరికి వచ్చి, "మంచిగనే మాట్లాడుతున్నడు కద బిడ్డా, ఇంటికి తోల్కపోమ్మంటవా?" అన్నాడట. అప్పటి నుంచి ఆ వార్డు వైపు నుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నానని చెప్పింది. గుంపులో ఇంకొకరు, "నేనూ అంతే" అన్నారు. ఆ రోజు సమాధానమేమీ దొరకలేదు. ఆ తండ్రికి ఏం చెప్పాలో, ఎక్కడ కూర్చోబెట్టి చెప్పాలో, పక్కన ఎవరుండాలో అందరూ కలిసి వాక్యం వాక్యంగా అనుకున్నారు. మర్నాడు ఆమె ఒక సీనియర్‌ను వెంటబెట్టుకుని వెళ్లి ఆయనతో మాట్లాడింది.

అపోహ: సైకాలజీ చదివితే మెడికల్ కాలేజీలో అకడమిక్ భవిష్యత్తు లేదు.

దారి ఇరుకైన మాట నిజం. మెడికల్ కాలేజీల్లో మాకున్న చోటు ఎక్కువగా సైకియాట్రీ విభాగంలోనే. ఫ్యామిలీ మెడిసిన్, కమ్యూనిటీ మెడిసిన్ వైపు తలుపు మనమే తట్టాలి. పని మాత్రం కావాల్సినంత ఉంది: ఓపీలో పరిశీలన, పేషెంట్లుగా నటించేవాళ్లతో డాక్టర్లకు పరీక్షలు, ఆశా కార్యకర్తలకు శిక్షణ, షుగర్ పేషెంట్లు మందులు ఎందుకు మధ్యలో ఆపేస్తున్నారన్న పరిశోధన. మంచి అధ్యాపకులు కావాలంటే క్లినికల్ శిక్షణ, ఆపై పీహెచ్‌డీ రెండూ ఉండటం మేలు. ఆర్‌సీఐ కోర్సుల రూపం మారుతున్న కాలం ఇది. అందుకే ఫీజు కట్టేముందు, మీరు చేరబోయే కాలేజీలో ఆ కోర్సుకు ఆ ఏడాది అనుమతి ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోండి. వీలైతే చేరకముందే ఏదైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అనుమతి తీసుకుని కొన్నాళ్లు ఓపీ పక్కన కూర్చోండి.