వృద్ధాశ్రమాలకి పర్మిషన్ ఎవరిస్తారు? 2007లో వదిలేసిన ముడి

ఏ హోం మీద కంప్లైంట్ వచ్చినా ముందు అడిగేది ఒకటే, దీనికి పర్మిషన్ ఉందా అని. ఉమ్మడి కుటుంబాలు పోయాయి, పిల్లలు అమెరికా వెళ్ళిపోయారు అన్న కథ అందరికీ తెలిసిందే కాబట్టి సూటిగా 2007కి వచ్చేద్దాం.

ఆ ఏడాది వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టం అనగానే అందరికీ గుర్తుండేది కొడుకుల మీద కేసు, నెలకి గరిష్ఠంగా 10,000 భరణం. సెక్షన్ 19 ఎవరూ పట్టించుకోలేదు. జిల్లాకి కనీసం ఒకటి, 150 మంది దిక్కులేని పెద్దవాళ్ళు ఉండేలా రాష్ట్రాలు ఆశ్రమాలు "ఏర్పాటు చేయవచ్చు" అని ఉంది అందులో. చేసి తీరాలి అని కాదు! ప్రైవేటు హోంలు రిజిస్టర్ అవ్వాలన్న మాటే లేదు. నా లెక్కలో మొత్తం చెడింది ఇక్కడే.

ప్రభుత్వం కట్టకపోతే డబ్బున్నవాళ్ళు పెయిడ్ హోంకి వెళ్తారు, ఇంకా ఉంటే సీనియర్ లివింగ్‌లో, అంటే పెద్దవాళ్ళ కోసమే కట్టే అపార్ట్‌మెంట్లలో, ఫ్లాట్ కొంటారు, లేనివాళ్ళకి ట్రస్టులు, చర్చిలు నడిపే ఉచిత ఆశ్రమమే, అదీ బెడ్ ఖాళీ ఉంటే. మంచాన పడ్డవాళ్ళని చాలాచోట్ల తీసుకోరు, తన పని తను చేసుకోగలగాలి అంటారు. ఫ్లాట్ కొన్నవాళ్ళకి రెరా (ఇళ్ళు కొనేవాళ్ళని కాపాడే రియల్ ఎస్టేట్ చట్టం) ఉంది, 2019లో కేంద్రం ఇలాంటి రిటైర్మెంట్ హోంలకి మోడల్ గైడ్‌లైన్స్ కూడా ఇచ్చింది. బెడ్‌కి నెలనెలా కట్టే పెద్దావిడకి అలాంటిదేం లేదు.

2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలో ఒక హోంలో ఉన్నవాళ్ళని గొలుసులతో కట్టేస్తున్నారని ఆరోపణలొచ్చి పోలీసులు వెళ్ళాల్సి వచ్చింది. సరిగ్గా దానికి నెల ముందే లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు, హోంలన్నిటికీ రిజిస్ట్రేషన్, తిండికీ వైద్యానికీ కనీస ప్రమాణాలు అన్నీ అందులో ఉన్నాయి. కమిటీకి పంపారు, చివరికి 2024లో ఆ లోక్‌సభతో పాటే మురిగిపోయింది. అసలు జిల్లాకెన్ని హోంలున్నాయో లెక్క తీయమని సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పిందే 2018 డిసెంబర్‌లో, అంటే చట్టమొచ్చిన 11 ఏళ్ళకి.

రూల్స్ పెడితే విరాళాలతో నడిచే చిన్న ఆశ్రమాలు మూతపడతాయి అనేది నిర్వాహకుల వాదన, వాళ్ళ ఇబ్బంది నిజమే. కానీ కంప్లైంట్ చేయడానికి పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 ఉందిగా అంటే మాత్రం ఒప్పుకోలేను. పగలు ఆ నంబర్‌కి ఫోన్ చేసిన పెద్దాయనకి రాత్రి అన్నం పెట్టాల్సింది ఆ హోం వాళ్ళే.