పసిఫిక్ యుద్ధ గేమ్‌లో కాన్వాయ్‌లు: అపోహలు - వాస్తవాలు

రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన కంప్యూటర్ గేమ్ ‘వార్ ఇన్ ద పసిఫిక్: అడ్మిరల్స్ ఎడిషన్’లో ఒక టర్న్ అంటే ఒక రోజు, మ్యాప్‌లో ఒక గడి అంటే 40 నాటికల్ మైళ్లు. కొత్తగా ఆడేవాళ్ల చూపంతా విమానవాహక నౌకల మీదే. కొన్ని నెలలు తిరిగేసరికి అవి ఇంధనం లేక రేవులో కూర్చుంటాయి. అప్పుడు మొదలవుతుంది కాన్వాయ్‌ల (సరుకు, ఇంధనం మోసుకెళ్లే ఓడల గుంపుల) టెన్షన్, దాంతోపాటు ఈ అపోహలూ.

అపోహ: ఎక్కువ ఓడలు పంపితే ఎక్కువ సరుకు చేరుతుంది.

వాస్తవం: ఓడలు ఎంత మోసుకొచ్చినా, రేవు దించుకోగలిగినంతే ఒడ్డుకు చేరుతుంది. చిన్న రేవులో కొన్ని ఓడలకే చోటు. మిగతావి బయట లంగరేసుకుని వంతు కోసం ఎదురుచూస్తాయి. శత్రు బాంబర్లకు అంతకంటే ఏం కావాలి? అసలు యుద్ధంలోనూ ఇదే బాధ. 1942లో న్యూ కాలెడోనియాలోని నౌమియాలో పదుల కొద్దీ ఓడలు సరుకు దించలేక నిలిచిపోయాయి. సోలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్‌లో అయితే రేవే లేదు, బీచ్ మీదే దించాలి. ఆగస్టు 9న అమెరికా అడ్మిరల్ టర్నర్ సరుకు పూర్తిగా దించకుండానే రవాణా ఓడలను వెనక్కి తీసుకెళ్లాల్సి వచ్చింది. అందుకే నేను ముందు ఇంజినీర్లను దించి రేవు స్థాయి పెంచుతాను, నేవల్ సపోర్ట్ (సరుకు దించడంలో సాయపడే సిబ్బంది) ఉన్న దళాలనూ చేరుస్తాను. ఓడలు ఆ తర్వాతే, అదీ చిన్న జట్లుగా, కొన్ని రోజుల ఎడంతో.

అపోహ: సప్లై ఉంటే ఇంధనం ఉన్నట్టే.

వాస్తవం: రెండూ వేరు ఖాతాలు. సైనికుల తిండీ, విమానాలు ఎగరడమూ సప్లై మీద. ఓడలు కదిలేది ఇంధనంతో. సింగపూర్ నుంచి జపాన్‌కు సుమారు 3,000 నాటికల్ మైళ్లు. 12 నాట్ల (గంటకు 12 నాటికల్ మైళ్ల) వేగంతో వెళ్లే ట్యాంకర్‌కు ఒక వైపుకే పది రోజుల పైమాట, ఎక్కించే దించే రోజులు అదనం. ఇవాళ పంపలేదంటే ఆ లోటు వచ్చే నెలలో తెలుస్తుంది.

అపోహ: జపాన్ మొదటి రోజు నుంచే ప్రతి ఓడకూ ఎస్కార్ట్ (కాపలా నౌక) పెట్టాలి.

వాస్తవం: అన్ని ఎస్కార్ట్‌లు జపాన్‌కు లేనే లేవు. పైగా అమెరికన్ జలాంతర్గాములు వదిలే మార్క్ 14 టార్పెడోలు అనుకున్న లోతు తప్పేవి, తగిలినా చాలాసార్లు పేలేవి కావు. 1943 చివరికి గానీ బాగుపడలేదు. నమ్మకమైన టార్పెడోల ఆప్షన్ ఆన్ చేయకపోతే గేమ్‌లోనూ అంతే. ఈలోగా ట్యాంకర్లకు, సేనల ఓడలకు కాపలా ఇస్తే చాలు. అలాగని ఆదమరిచారో, అసలు జపాన్ గతే. వాళ్లు కాన్వాయ్‌ల కాపలా చూసే గ్రాండ్ ఎస్కార్ట్ కమాండ్‌ను పెట్టిందే 1943 నవంబరులో.

అపోహ: ఆటోమేటిక్ కాన్వాయ్‌లు అన్నీ చూసుకుంటాయి.

వాస్తవం: వెనక ప్రాంతాలకు సరే. ముందు వరుసకు వద్దు.

అపోహ: మిత్రరాజ్యాల వైపు ఆడితే బంగాళాఖాతం గురించి బెంగ అక్కర్లేదు.

వాస్తవం: 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డది ఎలా మరి? జపాన్ అడ్మిరల్ ఒజావా దళం ఆ రోజుల్లో కాపలా లేని సరుకు ఓడలను సుమారు 20 దాకా ముంచేసింది. జపాన్ విమానవాహక నౌకలు ఎక్కడున్నాయో తేలేదాకా కలకత్తా - మద్రాసు దారిలో ఒంటరి ఓడలను నడపకండి.