‘డాక్టర్ గారు రాశారు కదా’ అంటే సరిపోదు: నర్సింగ్‌లో కొన్ని అపోహలు - వాస్తవాలు

పద్నాలుగేళ్లుగా వార్డు డ్యూటీలో ఉన్నాను. కొత్తగా చేరిన పిల్లల దగ్గరా, పేషెంట్ల ఇంటివాళ్ల దగ్గరా తరచూ వినే మాటలివి.

అపోహ: ఆర్డర్ ఎలా ఉంటే అలా చేసేస్తే నర్సు మీదికి ఏమీ రాదు.

వస్తుంది. ఒక రాత్రి కేస్ షీట్‌లో ‘కేసీఎల్ 20 మిల్లీ ఈక్వివలెంట్లు, ఐవీ’ అని మాత్రమే ఉంది. కేసీఎల్ అంటే పొటాషియం క్లోరైడ్, మిల్లీ ఈక్వివలెంట్ దాని మోతాదు కొలత, ఐవీ అంటే నరంలోకి. ఎంత సెలైన్‌లో కలపాలో, ఎన్ని గంటల్లో ఎక్కించాలో లేదు. మా దగ్గరున్న 10 ఎం.ఎల్. ఆంప్యూల్‌లో సరిగ్గా అంత మందే ఉంటుంది. కొత్తమ్మాయి దాన్ని సిరంజిలోకి లాగేసింది కూడా. పొటాషియం సెలైన్‌లో కలపకుండా నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోవచ్చు. సిరంజి పక్కన పెట్టించి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశాను. రాత్రి రెండున్నర. ‘ఆ మాత్రం తెలీదా సిస్టర్?’ అని విసుక్కున్నారు. ‘తెలుసు సార్, కానీ షీట్‌లో లేదు. చెప్పండి, రాసుకుని మళ్లీ చదివి వినిపిస్తా’ అన్నాను. 500 ఎం.ఎల్. సెలైన్‌లో, రెండు గంటల్లో అన్నారు. పొద్దున్నే వచ్చి సంతకం పెట్టారు. తిట్లంటారా, నైట్ డ్యూటీలో అవి మామూలే. మందు ఎవరి చేత్తో వెళ్లిందో, దానికి వాళ్లూ జవాబు చెప్పాలి. అనుమానం వచ్చి అడగడం ఎదురుచెప్పడం కాదు.

అపోహ: చార్టులో తప్పు రాస్తే వైట్‌నర్ పూసి దిద్దేయొచ్చు.

వద్దు. ఒక్క గీత కొట్టండి, కిందిది కనబడాలి. పక్కన తేదీ, టైము, సంతకం.

అపోహ: ఇంటివాళ్లు ‘క్యాన్సర్ అని చెప్పొద్దు’ అన్నారంటే పేషెంట్‌కి అబద్ధం చెప్పాల్సిందే.

ఇది నిజంగా కష్టం. కొడుకులు కారిడార్‌లో చేతులు పట్టుకుని బతిమాలతారు. రాత్రి లైట్లు తగ్గించాక ఆ పెద్దాయనే ‘అమ్మా, నాకేమైంది?’ అంటాడు. అప్పుడు ‘ఏం లేదు, గ్యాస్’ అనకూడదు. జబ్బు పేరు బయటపెట్టడం కూడా నా పని కాదు. ‘మీకేం తెలుసుకోవాలనుంది బాబాయ్?’ అని అడిగి, కాసేపు కూర్చుంటాను. ఆయన అన్నమాటల్ని ఉన్నదున్నట్టు డాక్టర్‌కి చెబుతాను. చాలామంది పేషెంట్లకి అప్పటికే తెలిసే ఉంటుంది. ఇంటివాళ్లు బాధపడతారని వాళ్లే దాస్తుంటారు!

అపోహ: ఆపరేషన్‌కి భర్తో తల్లో సంతకం పెడితే చాలు.

స్పృహలో ఉన్న, మేజరైన పేషెంట్ తానే ఒప్పుకోవాలి. సమీరా కోహ్లీ కేసు చూడండి. 44 ఏళ్ల ఆమెకు పరీక్ష కోసం మత్తిచ్చి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లిని ఒప్పించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆ అంగీకారం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రాణం మీదికొచ్చిన ఎమర్జెన్సీ సంగతి వేరు.

ఫారం మీద సాక్షి సంతకం చాలాసార్లు మాదే. అందుకే వేలిముద్ర వేయించే ముందు ‘మీకేం ఆపరేషన్ చేస్తున్నారో చెప్పండమ్మా’ అని అడుగుతాను. ‘ఏమో, ఆయనకి తెలుసు’ అంటే ఫారం తిరిగి సర్జన్ గారి టేబుల్ మీదికే.