పొర బిగిస్తేనే రెక్క

శేషాచలం కొండల ఎర్రచందనం చేవ నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. అంత బరువైన కలప అది. బుల్లి విమానాలు కట్టేవాళ్లు ప్రపంచమంతా ఇష్టపడే బాల్సా దీనికి పూర్తిగా ఆ కొసన ఉంటుంది. ఈక్వడార్ వైపు గబగబా పెరిగే ఈ చెట్టు కలప ఘనపు మీటరుకు సుమారు 160 కిలోలే తూగుతుంది. అదే కొలత నీళ్లు 1000 కిలోలు. తిరుపతిలో మామూలు టింబర్ డిపోకి వెళ్లి అడిగితే దొరికే సరుకు కాదది. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, దారిలో విరక్కుండా రావాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు థర్మోకోల్, ఫోమ్ బోర్డు సులువు. థర్మోకోల్ అయితే ఘనపు మీటరుకు 15 నుంచి 30 కిలోలే.

రేడియో కంట్రోల్ విమానాల ముచ్చట మొదలైతే మాటలన్నీ మోటారు చుట్టూ, లిపో బ్యాటరీ చుట్టూ, రిమోట్‌కు ఎన్ని ఛానెళ్లు అన్నదాని చుట్టూ తిరుగుతాయి. అవన్నీ డబ్బిచ్చి కొనుక్కునేవి, కొన్నాక తీగలు కలిపితే పనిచేస్తాయి. కవరింగ్, అంటే రెక్క మీద కప్పే పొర, సంగతి మాత్రం రంగుల కోసం, అందం కోసం అన్నట్టు చివర్లో వస్తుంది. నన్నడిగితే అసలు ఇంజనీరింగ్ అంతా అక్కడే ఉంది.

రెక్క మీద గాలి రెండు పనులు చేస్తుంది. పైకి వంచుతుంది, మెలి తిప్పుతుంది. వంగకుండా ఆపడం తేలికే, రెక్క పొడవునా ఒక గట్టి స్పార్ పెడితే సరిపోతుంది. వెదురు బద్దైనా, కార్బన్ కడ్డీ అయినా ఆ పని చేస్తుంది. మెలికను ఆపడానికి మాత్రం ఒక్క కడ్డీ చాలదు. దీన్ని రెండు నిమిషాల్లో పరీక్షించి చూడొచ్చు. ఒక ఏ4 కాగితాన్ని గొట్టంలా చుట్టి, అంచులు అతికించకుండా రెండు కొసలూ పట్టుకుని మెలి తిప్పండి. ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతుంది. ఇప్పుడు అంచును పొడవునా గమ్‌తో అతికించి, ఆరాక మళ్లీ తిప్పండి. కాగితం అదే, బరువు పెరగలేదు, అయినా మొండికేస్తుంది. లెక్క ప్రకారం సన్నని గోడల గొట్టం మూసుకుంటే మెలికను తట్టుకునే శక్తి వేల రెట్లు పెరుగుతుంది. స్పార్, దానికి అడ్డంగా పక్కటెముకల్లా వరసగా నిలబెట్టే రిబ్స్ మాత్రమే ఉన్న రెక్క కూడా అంచులు అతకని గొట్టం లాంటిదే. పైనా కిందా పొర వేసి చుట్టూ మూసేస్తేనే అది బిగుసుకుంటుంది.

మైక్రాన్లలో కొలిచే అంత పల్చని పొర అంత పని ఎలా చేస్తుంది? రెక్క మెలి తిరగబోయినప్పుడు రెండు రిబ్స్ మధ్య ఉన్న చతురస్రం ఏటవాలుగా సాగాలని చూస్తుంది. ఒక మూల నుంచి ఎదురు మూలకు పొర తాడులా లాగి పడుతుంది. ఇంకో ఏటవాలులో మాత్రం ముడతలు పడి ఊరుకుంటుంది. పల్చని రేకు ఇలా ముడత పడ్డాక కూడా భారం మోస్తుందని 1929లో హెర్బర్ట్ వాగ్నర్ లెక్కగట్టి చూపించాడు. లోహపు విమానాల రూపకల్పనకు ఆ లెక్క బాగా పనికొచ్చింది. ముందుగానే బిగించి ఉన్న పొర అయితే ఆ ముడత కూడా ఆలస్యంగా వస్తుంది. వదులుగా వేలాడే పొర రెక్క కొంత తిరిగాక గానీ పని మొదలుపెట్టదు.

రైట్ సోదరులు ఈ సంగతిని బట్టతోనే పట్టుకున్నారు. 1903 ఫ్లయర్ రెక్కలకు వాళ్లు వేసింది మస్లిన్ బట్ట. దాన్ని నిలువుగా కాకుండా దారాలు ఏటవాలుగా వచ్చేలా వేశారు. జాకెట్టు కుట్టే టైలర్లు క్రాస్ కటింగ్ అంటారే, అదే పద్ధతి. టైలరుకు కావాల్సింది బట్ట సాగడం. రైట్ సోదరులకు కావాల్సింది మూల నుంచి మూలకు దారం లాగి పట్టడం. తర్వాతి కాలంలో విమానాల లినెన్ బట్ట మీద డోప్ అనే వార్నిష్ లాంటి పూత పూసేవారు. ఆరేకొద్దీ అది బట్టను డప్పులా బిగించేది. కాకపోతే మొదట్లో వాడిన డోప్ సెల్యులోజ్ నైట్రేట్, నిప్పు తగిలితే భగ్గుమనే పదార్థం.

ఇప్పుడు మన ఇళ్లలో ఆ పని చేసేది పాలియెస్టర్ ఫిల్మ్. తయారీలో దాన్ని వేడిచేసి, పొడవునా అడ్డంగా సాగదీసి, ఆ సాగినదాన్ని అలాగే చల్లబరుస్తారు. చిక్కుపడి ముద్దగా ఉండాలని చూసే పొడవాటి అణువులు సాగిన స్థితిలోనే ఇరుక్కుపోతాయి. మళ్లీ వేడి తగిలితే కదలడానికి వీలు దొరికి వెనక్కి ముడుచుకుంటాయి, ఫిల్మ్ కుంచించుకుపోతుంది. పని రెండు దశల్లో జరగాలి. ముందు అంచులు అతికించడం, దీనికి 110 డిగ్రీల దగ్గర వేడి చాలు. తర్వాత మధ్యభాగం బిగించడం, దీనికి 150 దాకా కావాలి. ఇంట్లో ఇస్త్రీపెట్టె మీద ఒక చుక్క గుర్తు, రెండు చుక్కల గుర్తు సుమారుగా ఈ రెండు వేడిమిలే. స్టీమ్ మాత్రం ఆపేయాలి. అంచులు సరిగ్గా అతకకముందే మధ్యలో వేడి పెడితే ఫిల్మ్ అంచుల్ని ఊడలాక్కుంటుంది.

థర్మోకోల్‌కు ఈ పద్ధతి పనికిరాదు. 100 డిగ్రీల దగ్గరే అది మెత్తబడి కుంగిపోతుంది. దానికి ప్యాకింగ్ టేపు వేయొచ్చు, లేదా నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో బ్రౌన్ పేపర్ అతికించొచ్చు. నాకు రెండోదే ఇష్టం. తడిసిన కాగితం ఆరుతూ కుంచించుకుని రెక్కను బిగిస్తుంది. ఒకవైపే అతికించి వదిలేస్తే రెక్క అటే వంగిపోతుంది కాబట్టి రెండువైపులా ఒకేసారి వేసి, చదునైన బల్ల మీద బరువు పెట్టి ఆరనివ్వాలి. జిగురు విషయంలోనూ ఒక మాట: ఫెవిక్విక్ లాంటివి, రబ్బరు జిగుర్లు థర్మోకోల్‌ను తినేస్తాయి. నిదానంగా ఆరే తెల్ల ఫెవికాల్ దాని జోలికి పోదు.

ఇక బరువు. పావు చదరపు మీటరు రెక్కకు పైనా కిందా కలిపి అర చదరపు మీటరు పొర కావాలి. చదరపు మీటరుకు 60 గ్రాములుండే ఫిల్మ్ అయితే 30 గ్రాములు. జిరాక్స్ షాపులో ఐడీ కార్డులకు వేసే మందపాటి లామినేషన్ షీటు అయితే దానికి రెట్టింపు దాటిపోతుంది. లామినేషన్ ఫిల్మే వాడాలనుకుంటే రోల్‌గా వచ్చే సన్నని రకం తీసుకోవాలి.

మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట కేంద్రానికి పేరిచ్చిన సతీశ్ ధావన్ ఈ గాలి పొరల శాస్త్రంలో దిట్ట. గాలి ఒక పలకను ఎంత బలంగా రాసుకుంటూ పోతుందో నేరుగా కొలిచిన పరిశోధన ఆయనది, 1950ల మొదట్లో అమెరికాలో. రెక్కను అంటుకుని పోయే గాలి పొర చిన్న విమానాల్లో బలహీనంగా ఉంటుంది. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు, వేగం సెకనుకు 10 మీటర్లు అయితే గాలి ప్రవాహం తీరును కొలిచే రెనాల్డ్స్ సంఖ్య 1,30,000 దగ్గర ఉంటుంది. ప్రయాణికుల జెట్ విమానానికి అది కోట్లలో. మన స్థాయిలో ఆ పొర చిన్న సాకు దొరికినా రెక్కను వదిలేస్తుంది. రెక్క ముందుభాగంలో, రిబ్స్ మధ్య ఫిల్మ్ లోపలికి కుంగితే ఆ సాకు మనమే ఇచ్చినట్టు. అందుకే అక్కడ ఫిల్మ్ కింద పల్చని బాల్సా షీటు వేస్తారు.

మన వాతావరణం పెట్టే పరీక్షలు వేరే ఉన్నాయి. అక్టోబరు, నవంబరు వానల్లో చెక్క తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. అప్పుడు కవర్ చేసిన రెక్క ఎండాకాలంలో ఆరి తగ్గేసరికి ఫిల్మ్ ముడతలు పడుతుంది. మే నెలలో అద్దాలు మూసిన కారులో వేడి 60 డిగ్రీలు దాటడం కష్టమేమీ కాదు. పాలియెస్టర్ అణువులు మెత్తబడటం మొదలయ్యేది 70 దాటాక, జిగురు ఇంకా ముందే జారుతుంది. ముదురు రంగు ఫిల్మ్ ఎండను ఇంకా ఎక్కువ పీలుస్తుంది. లిపో బ్యాటరీకి కూడా ఆ కారు మంచి చోటు కాదు.

రెక్కలో ఉన్న మెలిక సరిచేయడానికీ ఇస్త్రీపెట్టే ఆయుధం. ఒకరు రెక్కను ఎదురువైపు తిప్పి పట్టుకోవాలి, ఇంకొకరు పైనా కిందా వేడి పెట్టాలి, చల్లారేదాకా చేయి వదలకూడదు. కావాలని మెలిక పెట్టడమూ ఇలాగే. రెక్క కొసలు వెనక అంచు రెండు డిగ్రీలు పైకి ఉంటే వేగం తగ్గినప్పుడు కొసలకంటే ముందు, విమానం ఒంటికి అతికే వైపు రెక్క గాలి మీద పట్టు తప్పుతుంది. విమానం ఒక పక్కకు పల్టీ కొట్టకుండా ముక్కు దించుకుంటుంది.

ఎక్కడ ఎగరేయాలన్నది తిరుపతిలో చిన్న ప్రశ్న కాదు. తిరుమల మీద డ్రోన్లు నిషేధం, రేణిగుంటలో విమానాశ్రయం ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 2 కిలోల లోపువి సరదాకు ఎగరేస్తే పైలట్ లైసెన్సు అక్కర్లేదు గానీ, ఎయిర్‌పోర్టు చుట్టూ హద్దులు అందరికీ వర్తిస్తాయి. ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూసుకుని చంద్రగిరి, పాకాల వైపు చెనిక్కాయలు పీకేసిన చేను ఏదైనా, రైతును అడిగి, ఎంచుకోవచ్చు. మామిడితోపు పక్కన మాత్రం వద్దు.

పావు చదరపు మీటరు రెక్క, 800 గ్రాముల బరువు ఉన్న విమానం గాల్లో నిలవాలంటే గంటకు సుమారు 26 కిలోమీటర్ల వేగం కావాలి. 40 డిగ్రీల ఎండలో గాలి పల్చబడి ఇంకో కిలోమీటరు అడుగుతుంది. పొద్దున పది కిలోమీటర్ల చిరుగాలికి ఎదురుగా విసిరితే మన చేయి ఇవ్వాల్సింది పదహారే. ఆ తక్కువ వేగంలో కుడి రెక్కకూ ఎడమ రెక్కకూ మెలికలో తేడా ఉంటే విమానం సెకను తిరక్కుండానే ఒక పక్కకు ఒరుగుతుంది, అంత నెమ్మదిలో ఐలరాన్‌కు, అంటే రెక్క వెనక అంచున కదిలే పలకకు, దాన్ని నిలబెట్టే బలం ఉండదు. కాబట్టి విసరడానికి ముందు తోక వెనక నిలబడి, ఒక కన్ను మూసి, రెండు రెక్కల వెనక అంచులూ ఒకేలా కనిపిస్తున్నాయో లేదో చూడాలి. తేడా ఉంటే ఆరోజుకి ఇంటికి తిరిగి రావడమే, చేలో ఇస్త్రీపెట్టెకు కరెంటు ఉండదు కదా.